అయిదో వంతు కలిపి ఇవ్వాలి

బెంగళూరు మారతహళ్లిలో నలుగురు కలిసి ఉండే గది. గ్యాస్, కూరగాయల లెక్కలో ఒకరు 2,000 ఎక్కువ రాసి తీసుకున్నారనుకోండి. ఆదివారం తెలుగు ఆరాధనలో కళ్లు మూసుకుని "ప్రభువా, క్షమించు" అంటే సరిపోతుందా? బైబిల్లో లేవీయకాండము 6వ అధ్యాయం ప్రకారం సరిపోదు. తీసుకున్నది మొత్తం, దానిమీద అయిదో వంతు, అంటే 2,400, సొంతదారుల చేతికే ఇవ్వాలి. అదీ బలి తెచ్చే రోజునే. సంఖ్యాకాండము 5:7 అయితే ముందు నోటితో ఒప్పుకోమంటుంది. పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. దొంగిలించిన గొర్రెకు నిర్గమకాండము 22:1లో ఉన్న లెక్క అది.

ఒప్పుకోలు చెడిపోయేది సాకు దగ్గరే. సౌలు రాజును చూడండి, 1 సమూయేలు 15లో. "పాపం చేశాను" అంటూనే జనానికి జడిశానన్నాడు, ఆపైన పెద్దల ఎదుట తన పరువు నిలబెట్టమని ప్రవక్త సమూయేలును అడిగాడు. 2 సమూయేలు 12లో ప్రవక్త నాతాను ముందు దావీదు రాజు పలికింది ఒకే వాక్యం, యెహోవాకు విరోధంగా పాపం చేశానని. ఈ రెండు అధ్యాయాలూ పక్కపక్కన పెట్టి చదివితే మనసు నిలవదు.

ఆ డబ్బు ఇచ్చేటప్పుడు "ఆ నెల ఇబ్బందిగా ఉండి..." అని మొదలుపెట్టకండి. ఏ నెలలో, ఎంత తీసుకున్నారో చెప్పండి. వాళ్లు అప్పటికప్పుడు క్షమించకపోయినా తొందరపెట్టకండి.