ఫీమా మ్యాపు ఫోన్లోకి వచ్చింది సరే, జోన్ ఎక్స్ సంగతేంటి

ఇళ్ళ సీజన్ మొదలైతే చాలు నాకు వాట్సాప్‌లో ఒకే రకం మెసేజులు. హ్యూస్టన్ చుట్టుపక్కల కేటీలోనో షుగర్‌ల్యాండ్‌లోనో పేర్‌ల్యాండ్‌లోనో మనవాళ్ళెవరో ఇల్లు చూస్తారు, ఆఫర్ పెట్టబోయే ముందు రాత్రి పదకొండింటికి ఒక స్క్రీన్‌షాట్ కొడతారు, "అన్నా, జోన్ ఎక్స్ అంట, ఇన్సూరెన్స్ అక్కర్లేదు కదా?" అని. అది ఫీమా, అంటే అమెరికా గవర్నమెంట్ విపత్తుల సంస్థ, వాళ్ళ వరద మ్యాపు, ఎక్స్ అంటే వరద జోన్ బయట అని. స్క్రీన్‌షాట్‌లో ఇంటి మీద ఎర్ర పిన్ను, కాస్త దూరంలో వరద జోన్ నీలం రంగు, అంతే. ఏ షీటు, ఏ తేదీ మ్యాపు, స్కేలెంత, అవన్నీ క్రాపింగ్‌లో పోయుంటాయి. నేను ఈ ఫ్లడ్‌ప్లెయిన్ (వరదొచ్చే నేల) పర్మిట్ల పనిలో చాలా ఏళ్ళ నుంచి ఉన్నాను కాబట్టి అడుగుతారు, తప్పు లేదు, కానీ ఒక్కొక్కరికీ విడిగా టైప్ చేసే ఓపిక అయిపోయింది, అందుకే అంతా ఇక్కడ రాసి పడేస్తున్నా.

ముందు కాస్త వెనక్కి వెళ్ళాలి. అమెరికాలో వరదకి ప్రైవేటు కంపెనీలు దాదాపు పాలసీలే ఇవ్వని రోజుల్లో, 1968లో నేషనల్ ఫ్లడ్ ఇన్సూరెన్స్ చట్టం వచ్చింది. పాలసీ గవర్నమెంట్ ఇస్తుంది, దానికి బదులు ఆ ఊరు వరదొచ్చే చోట కట్టే ఇళ్ళకి రూల్స్ పెట్టాలి, అదీ ఒప్పందం. 1973లో ఇంకో చట్టం చేసి, వరద జోన్‌లో ఉన్న ఇంటికి బ్యాంకు లోను కావాలంటే ఫ్లడ్ పాలసీ ఉండి తీరాలన్నారు. అప్పట్నుంచి మ్యాపు మీద గీతకి డబ్బు విలువ వచ్చింది. గీతకి ఇవతల ఉంటే ఏటా ప్రీమియం, అవతల ఉంటే ఏమీ లేదు.

ఆ గీతలున్న షీట్లే ఫీమా వాళ్ళ ఫ్లడ్ ఇన్సూరెన్స్ రేట్ మ్యాపులు, ఆఫీసుల్లో ఫర్మ్ అంటారు. ఒక్కో షీటు ఒక ప్యానెల్, దేశం మొత్తానికి దగ్గర దగ్గర లక్ష ప్యానెళ్ళు. టేబుల్ మీద పరిస్తే టేబుల్ నిండేంత కాగితం, కింద మూలలో ప్యానెల్ నంబరు, అమల్లోకి వచ్చిన తేదీ. హ్యూస్టన్ ఉన్న హ్యారిస్ కౌంటీ అయితే 48201సి అని మొదలవుతుంది, 48 అంటే టెక్సస్, 201 అంటే హ్యారిస్. మీ దగ్గర ఆ షీటు లేకపోతే మేరీల్యాండ్‌లో జెస్సప్ అనే ఊళ్ళో మ్యాప్ సర్వీస్ సెంటర్ ఉండేది, ఫోనో ఫ్యాక్సో చేసి ప్యానెల్‌కి ఇంత అని డబ్బు కట్టి పోస్టులో వచ్చేదాకా కూర్చోవాలి. లేదంటే ఊరి ఆఫీసుకెళ్ళి కౌంటర్ దగ్గర చూసుకోవాలి.

అన్నిటికంటే పెద్ద తలనొప్పి సవరణలు. ఒక బిల్డర్ మట్టి పోసి నేల ఎత్తు చేశాడనో, కొత్తగా కాలవ వెడల్పు చేశారనో మ్యాపులో ఒక ముక్క మారుతుంది, దానికి లోమర్ అని ఒక లెటర్ వస్తుంది, కానీ షీటు మొత్తం మళ్ళీ ప్రింట్ చెయ్యరు. ఆ లెటర్‌ని షీటుకి పిన్ను కొట్టుకోవాలి, పెన్సిల్‌తో మార్జిన్‌లో కేసు నంబరు రాసుకోవాలి. ఎవరైనా మర్చిపోయారంటే ఆ ఆఫీసులో పాత గీతే చెల్లుతూ పోతుంది, పక్కవీధి ఏజెంటు దగ్గరున్న కాపీలో కొత్త గీత ఉంటుంది, ఇద్దరూ ఒకే ఇంటికి రెండు జవాబులు చెప్తారు. కాగితం మీద ప్రేమతో పాత రోజులే బాగున్నాయనేవాళ్ళని చూస్తే నాకు ఇదే గుర్తొస్తుంది, ఆ డ్రాయర్లు లాగి లాగి మోచేతులు నొప్పెట్టిన వాళ్ళెవరూ అలా అనరు.

2003 నుంచి మ్యాప్ మోడర్నైజేషన్ అని ఒక ప్రోగ్రామ్ నడిచింది, వంద కోట్ల డాలర్ల పైనే పోసి ఈ కాగితాలన్నీ డిజిటల్ చేశారు. తర్వాత 2009 అక్టోబర్ 1 నుంచి ఫీమా పేపర్ మ్యాపులు పంచడం ఆపేసింది. ఒక్కో ఊరికి రికార్డు కోసం ఒక పేపర్ కాపీ, దానితో పాటు స్టడీ రిపోర్టు ఒక కాపీ, అంతే, మిగతాదంతా ఆన్‌లైన్. ఇప్పుడు ఫీమా సైట్‌లో అడ్రస్ కొడితే ఫర్మెట్ వస్తుంది, అంటే ఆ ప్యానెల్‌లో మీ ఇంటి చుట్టూ ఉన్న భాగాన్ని తేదీతో స్కేలుతో సహా ఒక పీడీఎఫ్‌గా ఇస్తుంది, పైసా కట్టక్కర్లేదు. వెనకాల దేశం మొత్తానికి కలిపి నేషనల్ ఫ్లడ్ హజార్డ్ లేయర్ అని ఒకే డేటా ఉంటుంది, లోమర్ వస్తే అందులో కలిసిపోతుంది, పిన్ను కొట్టే పని లేదు. పాత మ్యాపులు కూడా హిస్టారిక్ అని విడిగా దొరుకుతాయి, మీ ఇల్లు కట్టినప్పుడు జోన్ ఏంటో చూసుకోవచ్చు. ఇంత పని చేసిన గవర్నమెంట్ సైట్లు నేను ఎక్కువ చూళ్ళేదు, మెచ్చుకోవాలి.

మరి నా గొడవేంటంటే, జూమ్.

పేపర్ షీటు స్కేలు మామూలుగా అంగుళానికి 500 అడుగులో, 1000 అడుగులో, పల్లెటూళ్ళ వైపు 2000 అడుగులో ఉంటుంది. అంగుళానికి 1000 అడుగుల షీటు మీద అంగుళంలో యాభయ్యో వంతు మందం ఉన్న గీత గీశారనుకోండి, నేల మీద అది 20 అడుగులు. గీత మందమే మీ ఇంటి వెనక గోడకీ ఫెన్సుకీ మధ్య దూరమంత అన్నమాట. కాగితం మీద అయితే ఈ సంగతి కంటికే తెలిసేది, గీత ఇంటిని తాకుతోంది అంటే కౌంటర్‌లో ఉన్న మనిషి స్కేలు పెట్టి చూసి, ఇది ఇలా తేలదు, సర్వేయర్‌తో ఎత్తు కొలిపించి ఎలివేషన్ సర్టిఫికెట్ చేయించుకో అని చెప్పేవాడు. ఇప్పుడు అదే గీతని ఫోన్లో రెండు వేళ్ళతో లాగితే ఎంత జూమ్ చేసినా సన్నగానే ఉంటుంది, శాటిలైట్ ఫోటో మీద గరాజ్ పక్క నుంచి నీట్‌గా పోతుంది, మనకేమో గీత గరాజ్ దాకా వచ్చి ఆగింది, బెడ్‌రూమ్ సేఫ్ అనిపిస్తుంది. ఆ గీత గీసినవాడికి కూడా అంత నమ్మకం ఉండదు. హ్యూస్టన్ చుట్టుపక్కల నేల అరచేయిలా చదును, ఎత్తు లెక్కలో అరడుగు తేడా వచ్చిందంటే గీత వీధులకి వీధులు దాటేస్తుంది, పైగా ఇక్కడ భూగర్భ జలాలు తోడి తోడి నేలే కిందకి కుంగింది, ఎత్తులు ఎప్పుడు కొలిచారన్నది కూడా ముఖ్యమే.

ఇది నా సొంత చాదస్తం కూడా కాదు. పేపర్ ఆపేసిన ఆ 2009లోనే నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ ఒక రిపోర్టు ఇచ్చింది, అంత డబ్బు పోశాక కూడా డేటా క్వాలిటీ ప్రమాణాలన్నీ అందుకునే మ్యాపులు జనాభాలో 21 శాతం మందికే ఉన్నాయని. నేల ఎత్తులు సరిగ్గా ఉంటేనే మ్యాపు సరిగ్గా ఉంటుంది, లైడార్‌తో, అంటే లేజర్‌తో, విమానం నుంచి కొలవండి అని వాళ్ళ గోల. చాలా చోట్ల పాత షీటులో గీతని అలాగే కంప్యూటర్లోకి ఎక్కించారు, 1980ల లెక్కకి రంగులేసి ఇచ్చినట్టు. హ్యారిస్ కౌంటీ అదృష్టం ఏంటంటే 2001 జూన్‌లో ట్రాపికల్ స్టార్మ్ ఆలిసన్ వచ్చి డెబ్భై వేల పైన ఇళ్ళు ముంచింది, ఆ దెబ్బకి లైడార్‌తో మొత్తం మళ్ళీ చేశారు, 2007లో కొత్త మ్యాపులు అమల్లోకి వచ్చాయి. అదృష్టం అని రాయడం ఎలాగోలా ఉంది కానీ ఈ ఫీల్డులో మ్యాపులకి బడ్జెట్లు వచ్చేది మునిగాకే.

అంత మంచి మ్యాపులు ఉండి కూడా 2017లో హరికేన్ హార్వీ వచ్చినప్పుడు హ్యారిస్ కౌంటీలో లక్షా యాభై నాలుగు వేల ఇళ్ళు మునిగాయని కౌంటీ ఫ్లడ్ కంట్రోల్ వాళ్ళ అంచనా, అందులో మూడింట రెండు వంతులు ఆ నీలం రంగు బయటివే. వాళ్ళలో చాలామంది జోన్ ఎక్సే. ఫ్లడ్ పాలసీ ఉన్నది మూడో వంతు ఇళ్ళకి కొంచెం పైన.

మనవాళ్ళు ఎక్కువగా ఉండే కేటీ వైపు సంగతి ఇంకా చిత్రం. అక్కడ 1940ల్లో ఆర్మీ కోర్, అంటే ఆర్మీ ఇంజనీర్ల విభాగం, కట్టిన రెండు మట్టి డ్యాములు, ఆడిక్స్, బార్కర్. మామూలు రోజుల్లో నీళ్ళుండవు, పార్కులు, సైకిల్ దారులు, వాన పెద్దగా పడితేనే నిండుతాయి. పూర్తిగా నిండితే నీళ్ళు ఎంత మేర పరుచుకుంటాయో అంత భూమినీ గవర్నమెంట్ కొనలేదు, మిగిలిన దాంట్లో సబ్‌డివిజన్లు, అంటే ఇళ్ళ కాలనీలు, లేచాయి. హార్వీలో డ్యాము వెనక నీళ్ళు పెరిగి పెరిగి ఆ ఇళ్ళల్లోకి వచ్చాయి, వాళ్ళకి వాగు లేదు, నది లేదు, డ్యాముకి పై వైపున ఉన్నారంతే. ఫీమా మ్యాపులో ఆ ఫ్లడ్ పూల్ (డ్యాము నిండితే నీళ్ళు పరుచుకునే మేర) గీత లేదు, ఎందుకంటే ఆ మ్యాపు చేసే లెక్క వేరు, వాళ్ళది వాగుల్లో ఏడాదికి ఒక శాతం ఛాన్స్ ఉన్న వరద లెక్క. మరి ఎక్కడా లేదా అంటే ఉంది, ఫోర్ట్ బెండ్ కౌంటీ వైపు కొన్ని సబ్‌డివిజన్ల ప్లాట్ (కాలనీ లేఅవుట్ మ్యాపు) కాగితం మీద, 90ల నుంచే, ఈ భూమి బార్కర్ రిజర్వాయర్ పక్కనుంది, కోర్ వాళ్ళ ఆధ్వర్యంలో ఎక్కువ రోజులు మునిగి ఉండొచ్చు అని చిన్న అక్షరాల్లో ఒక నోట్. కౌంటీ రికార్డుల్లో పడుంది, ఇల్లు కొనేవాళ్ళలో దాన్ని చదివేదెవరు. కేసులయ్యాయి, 2019 డిసెంబర్‌లో ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టు ఆ పై వైపు ఇళ్ళ విషయంలో గవర్నమెంట్‌దే బాధ్యతంది.

నేను దీన్ని చాలాసార్లు ఆలోచిస్తుంటా. వెతకడం అంత తేలికయ్యాక ఏమవుతుందంటే, ఆ లేయర్‌లో కనపడనిది లోకంలోనే లేదనుకుంటాం. ఇదివరకు కౌంటర్ దగ్గరికి పోయి అడిగితే ఆ మనిషి మ్యాపులో లేనిది కూడా చెప్పేవాడు, ఆ వీధి గురించి నాకు తెలుసు, అక్కడ కల్వర్ట్ చిన్నది, పోయినసారి నీళ్ళు నిలిచాయి అని. వెబ్‌సైట్ అడిగినదానికే చెప్తుంది. మ్యాపులు పంచే ఖర్చు మిగిలింది కదా, అందులో కొంచెం పెట్టి కౌంటర్లో మనుషుల్ని ఉంచితే పోయేది, ఆన్‌లైన్‌లో ఉంది చూసుకోండి అనే ఆన్సరింగ్ మెషీన్లు పెట్టారు చాలా చోట్ల.

ఇండియా సంగతి కూడా అడుగుతుంటారు, హైదరాబాద్‌లో ప్లాట్ కొంటున్నాం చెరువు పక్కన, చూడవా అని. అక్కడ చూడాల్సింది ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండినప్పుడు నీళ్ళు నిలిచే గీత, దాని అవతల బఫర్, 25 ఎకరాలు పైబడిన చెరువుకి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు. హైదరాబాద్ మెట్రో డెవలప్‌మెంట్ అథారిటీ (హెచ్‌ఎండీఏ) చెరువుల సైట్‌లో చెరువు పేరుతో వెతికితే మ్యాపు పీడీఎఫ్ దొరుకుతుంది, ప్రిలిమినరీనా ఫైనల్ నోటిఫికేషన్ అయిందా అన్నది తప్పకుండా చూడండి. సర్వే నంబర్లు గ్రామ నక్షాతో సరిపోల్చుకోవాలి, అది మాత్రం ఇప్పటికీ కాగితం చేతిలో పట్టుకుని తిరిగే పనే. ఇంకోటి, ఎఫ్‌టీఎల్ చెరువు హద్దు మాత్రమే, వాగు పొంగితే మీ వీధి ఏమవుతుందో అది చెప్పదు. 2024 సెప్టెంబర్‌లో విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు మునిగింది చూశాం కదా. హైదరాబాద్ బాలానగర్‌లో ఉన్న ఇస్రో వాళ్ళ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఎన్‌ఆర్‌ఎస్‌సీ వాళ్ళు శాటిలైట్‌తో వరద అట్లాసులు చేస్తారు, ఇస్రో మ్యాపుల సైట్ భువన్‌లో చూడొచ్చు, బాగుంటాయి, కానీ అవి జిల్లా స్థాయిలో ఆఫీసర్ల కోసం చేసినవి, ఇంటి నంబరు కొట్టి బ్యాంకు చూసే రకం కాదు, చూడమని బ్యాంకుకి చట్టమూ లేదు.

సరే, నాకు స్క్రీన్‌షాట్ పంపేవాళ్ళకి. స్క్రీన్‌షాట్ వద్దు, ఫర్మెట్ డౌన్‌లోడ్ చేసి పీడీఎఫ్ పంపండి, తేదీ అందులోనే ఉంటుంది. అదే అడ్రస్‌కి ప్రిలిమినరీ మ్యాపు ఏదైనా పెండింగ్‌లో ఉందేమో కూడా చూడండి, కొనేప్పుడు ఎక్స్ ఉన్నది రెండేళ్ళకి ఏఈ, అంటే వరద జోన్, అవ్వొచ్చు. జోన్ ఎక్స్ అయితే చుక్కల రంగు ఉన్న ఎక్సా, ఏ రంగూ లేని ఎక్సా చెప్పండి, రంగున్నది ఏడాదికి 0.2 శాతం ఛాన్స్ ఉన్న చోటు. ఇందాక చెప్పిన ఆ ప్లాట్ కాగితం కాపీ టైటిల్ కంపెనీ (ఇంటి హక్కు కాగితాలు చూసేవాళ్ళు) దగ్గర అడిగి తీసుకుని నోట్లన్నీ చదవండి, బోర్ కొట్టినా సరే. గీత ఇంటిని తాకుతూ పోయి జోన్ ఏఈ అని బ్యాంకు అంటే కంగారుపడి వదిలెయ్యొద్దు, ఇంటిని ఆనుకున్న నేల ఎత్తు వరద మట్టం కంటే పైన ఉందని సర్వేయర్ కొలిచి ఇస్తే లోమాకి, అంటే మీ ఇల్లు వరద జోన్‌లో లేదని ఫీమా ఇచ్చే లెటర్‌కి, అప్లై చెయ్యొచ్చు, అదీ ఆన్‌లైనే, ఫీజు లేదు, సర్వేయర్‌కి మాత్రం మీరే ఇచ్చుకోవాలి. 2021 అక్టోబర్ నుంచి ప్రీమియం జోన్‌ని బట్టి కాకుండా ఇంటి ఎత్తు, నీటికి దూరం, ఇల్లు మళ్ళీ కట్టే ఖర్చు ఇలాంటివి చూసి లెక్కేస్తున్నారు, కాబట్టి పక్కింటాయన ఎంత కడుతున్నాడో మీకు పనికిరాదు, మీ అడ్రస్‌తో కోట్ తీసుకోండి.

ఇక జోన్ ఎక్స్‌లో ఉన్నా పాలసీ తీసుకోవాలా అంటే, ఇక్కడ ఈ నేల మీద ఉన్నంత కాలం తీసుకోండనే అంటా, మా ఇంటికీ ఉంది. లోను క్లోజింగ్‌తో పాటు తీసుకుంటే వెంటనే మొదలవుతుంది, విడిగా తీసుకుంటే మామూలుగా 30 రోజులు ఆగాలి, హరికేన్ సీజన్ జూన్ 1న మొదలవుతుంది, అంటే ఏప్రిల్‌లోనే ఏజెంటుకి ఫోన్ చెయ్యండి.