‘వినూత్న’ ఎక్కడ అతుకుతుంది, ఎక్కడ అతకదు

బెంగళూరు స్టార్టప్ ఆఫీసుల్లో తయారయ్యే తెలుగు ప్రెస్ నోట్లలో ‘వినూత్న’ కనబడనిది అరుదు. తప్పులూ ఎక్కువగా దాని దగ్గరే పడతాయి.

ముందు రాత సంగతి. ‘నూ’కి దీర్ఘం ఉండాలి, ‘త’కి న-ఒత్తు ఉండాలి. తొందరలో రెండూ జారి ‘వినుత’ అయిందంటే ‘పొగడ్తలందుకున్న’ అని అర్థం మారిపోతుంది. అదీ నిఘంటువులో ఉన్న మాటే కాబట్టి స్పెల్‌చెక్ పట్టుకోదు. ఈ ఊళ్లో ఇంకో చిక్కుంది. కన్నడంలో ‘వినూతన’ అంటారు. రోజూ కన్నడ ప్రకటనలు చూసే కంటికి అదే సరైనదనిపించి తెలుగులోకి దిగిపోతుంది. సంస్కృతంలో నూతన, నూత్న రెండూ ఉన్నాయి, కాబట్టి పుట్టుకలో దోషం లేదు. తెలుగు పత్రికల్లో నిలదొక్కుకున్నది మాత్రం వినూత్నే.

రూపాల విషయానికొస్తే, సంస్కృత పదం ముందు నేరుగా పెట్టొచ్చు: వినూత్న ప్రయోగం, వినూత్న పద్ధతి. తెలుగు మాటకో ఇంగ్లిష్ మాటకో ముందైతే ‘మైన’ చేర్చాలి: వినూత్నమైన పనిముట్టు, వినూత్నమైన యాప్. క్రియ ముందు ‘వినూత్నంగా’. సున్నా ఎగ్గొట్టి ‘వినూత్నగా’ అనకూడదు. గుణాన్ని చెప్పాలంటే వినూత్నత. నన్నడిగితే ‘కొత్తదనం’ హాయి.

అర్థం దగ్గరే అసలు గొడవ. నీళ్ల ట్యాంకరు బుక్ చేసే యాప్ నిన్న విడుదలైతే అది కొత్త యాప్, మహా అయితే సరికొత్త యాప్. ఒకే వీధిలోని నాలుగు అపార్ట్‌మెంట్లు ఒక ట్యాంకరు పంచుకునేలా అది లెక్క కడితే అప్పుడు వినూత్నం. సరికొత్త అనేది వయసు సంగతి, వినూత్న అనేది తీరు సంగతి. 1970 నాటి పేటెంట్ల చట్టం కూడా కొత్తదైతే చాలు అనదు. ఆ పని తెలిసినవాళ్లకు ఇట్టే తట్టని మెలిక ఉండాలంటుంది, పరిశ్రమలో పనికిరావాలంటుంది.

‘కొత్త’ వాక్యం చివరికి వెళ్తే జాగ్రత్త. ‘ఇది కొత్త ఆలోచన’ మెచ్చుకోలు. ‘ఈ పని మాకు కొత్త’ అంటే అనుభవం లేదని ఒప్పుకోవడం. పెట్టుబడి అడిగే కాగితంలో ‘ఈ రంగంలో మేం కొత్త’ అని రాస్తే ఇంకేముంది!

‘వినూత్నమైన సరికొత్త ఆవిష్కరణ’లో ముందున్న రెండు మాటలూ కొట్టేయొచ్చు. ‘నవ ఆలోచనలు’ వద్దు. నవధాన్యాలు, నవగ్రహాలు అలవాటైన చెవికి తొమ్మిది అని వినిపిస్తుంది. నవవధువు, నవయువకుడు లాంటి స్థిరపడిన సమాసాల్లోనే దానికి చోటు.