లీడ్స్‌లో బాయిలర్ ఆగిన జనవరి: లెటింగ్ ఏజెన్సీతో నా అనుభవం

ఇంగ్లండ్‌లో అద్దె ఇళ్ళలో ఉంటున్న మనవాళ్ళు చలి ముదరకముందే ఒకసారి ఇంటి వెనక్కి వెళ్ళి, గ్యాస్‌తో నీళ్ళు కాచి ఇంటిని వేడిచేసే బాయిలర్ ఉన్న గోడలోంచి బయటికి వచ్చే సన్నటి ప్లాస్టిక్ పైపు ఎంత లావుందో, దానికి చలి తగలకుండా తొడుగు ఉందో లేదో చూసుకోవాలని కోరుతున్నాను. లీడ్స్‌లో మా బాయిలర్ ఆగిపోయింది ఆ పైపు వల్లనే. మేము పడిన అవమానం మాత్రం ఆ సంగతి వినడానికే ఇష్టపడని లెటింగ్ ఏజెన్సీ (యజమాని తరఫున ఇల్లు అద్దెకిచ్చి చూసుకునే సంస్థ) వల్ల.

2025 జనవరి రెండో వారంలో స్కాట్లాండ్‌లోని ఆల్ట్‌నహారాలో మైనస్ 18.9 డిగ్రీలు నమోదైంది. మా ఊళ్ళో అంత లేకపోయినా, రాత్రుళ్ళు సున్నాకు దిగువనే గడిచాయి. ఒక ఉదయం లేచేసరికి గదులను వేడిచేసే రేడియేటర్లు చల్లబడి ఉన్నాయి. బాయిలర్‌లో నీటి ప్రెషర్ ఒకటిన్నర బార్ దగ్గర సరిగానే ఉంది, గ్యాస్ స్టవ్ వెలుగుతోంది. రీసెట్ నొక్కితే బాయిలర్ కాసేపు గుడగుడమని మళ్ళీ ఆగిపోయింది.

ఆ చప్పుడు విని కారణం చెప్పింది మా నాన్నగారు. ఆయన పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రంలో బాయిలర్ విభాగంలోనే పనిచేసి రిటైరయ్యారు, మనవణ్ణి చూడడానికి వచ్చి మా దగ్గర ఉన్నారు. మాది కండెన్సింగ్ బాయిలర్. అది పొగలోని నీటి ఆవిరిని చల్లార్చి ఆ వేడిని కూడా వాడుకుంటుంది, అలా ఏర్పడిన నీరు చిన్న పైపు గుండా మురుగులోకి పోతుంది. ఆ పైపు బయట గడ్డకడితే నీరు వెనక్కి ఎగదన్ని, బాయిలర్ తనంతట తానే ఆగిపోతుంది. నాన్నగారు చేతి తొడుగు తీసి, పైపు వెంట వేళ్ళు జరుపుతూ వెళ్ళి, వంపు దగ్గర ఆగి "ఇక్కడ పట్టేసిందిరా" అన్నారు. ఆ చోట గోరువెచ్చని నీళ్ళు పోస్తే బాయిలర్ వెలిగింది. మరిగే నీళ్ళు మాత్రం పోయకూడదు, పైపు పగిలే ప్రమాదం ఉంది. మర్నాడు మళ్ళీ అదే పరిస్థితి.

ఏజెన్సీ వెబ్‌సైట్‌లో ఫొటోలతో ఫిర్యాదు పెడితే, "రాత్రిపూట హీటింగ్ ఆపకండి" అని ఒక్క వాక్యం జవాబుగా వచ్చింది. మేము ఆపనే లేదు. పసివాడు ఉన్న ఇల్లు కాబట్టి, నాన్నగారిని వెంటబెట్టుకుని నేరుగా ఆఫీసుకే వెళ్ళాను.

అక్కడ కౌంటర్ వెనక కూర్చున్నామె, మిగతా కస్టమర్లందరూ వింటూ ఉండగా, డబ్బు ఆదా చేయడానికి మేము హీటింగ్ కట్టేస్తున్నామేమోనని గ్యాస్ బిల్లు చూపించమంది. ఫోన్‌లో చూపించాను. బిల్లులో తప్పు దొరకకపోయేసరికి, "మీ దేశంలో ఇళ్ళల్లో బాయిలర్లు ఉండవు కదా, వాడడం తెలియకపోవడం సహజమే, వీడియో పంపిస్తాము" అని చిన్నపిల్లలకు చెప్పినట్టు ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. ఆ మాట ఆమె అన్నది, నాలుగంతస్తుల మేడకన్నా ఎత్తైన బాయిలర్ల మధ్య జీవితమంతా పనిచేసిన మనిషి ఎదుట. నాన్నగారు పైపు వాలు ఎలా ఉండాలో ఒక కాగితం మీద గీసి తెచ్చారు. దాన్ని ముందుకు జరిపి ఇంగ్లీషులోనే వివరించబోతే, ఆమె ఆయన వైపు చూడకుండా నాతో, "మెకానిక్ వచ్చాక తప్పు మీ వాడకానిదని తేలితే కాల్‌అవుట్ ఛార్జీ (మెకానిక్ వచ్చినందుకు రుసుము) డిపాజిట్‌లో పట్టుకుంటాము, మీ నాన్నగారికి కూడా చెప్పండి" అంది. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో పెట్టుకున్నారు. ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు.

మనవాళ్ళు ఒకటో తారీఖునే అద్దె కడతారు. రేపు ఇంకో ఇంటికి మారాలంటే ఈ ఏజెన్సీ మన గురించి ఇచ్చే రిఫరెన్సు పాడవుతుందేమోనని నోరెత్తరు. ఆ భయం వల్లనే ఈ ఏజెన్సీలకు మనం అలుసైపోయాము. ఫోన్‌లో ఎంత మర్యాదగా మాట్లాడినా వీళ్ళ దగ్గర విలువ లేదు, ఏదైనా కాగితం మీదే పెట్టాలి.

ఆ రాత్రే ఈమెయిల్ రాశాను. 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం, ఇంటిని వేడిచేసే, వేణ్ణీళ్ళు ఇచ్చే ఏర్పాట్లను పనిచేసే స్థితిలో ఉంచవలసిన బాధ్యత ఇంటి యజమానిది. 2004 హౌసింగ్ చట్టం కింద మితిమీరిన చలిని ప్రమాదంగా పరిగణించి స్థానిక కౌన్సిల్ వచ్చి తనిఖీ చేయవచ్చు. ఈ రెండూ ఉటంకించి, కౌన్సిల్ హౌసింగ్ విభాగానికి కూడా ప్రతి పంపాను. అప్పటిదాకా దొరకని గ్యాస్ ఇంజనీర్ వెంటనే దొరికాడు.

వచ్చినవారి గ్యాస్ సేఫ్ కార్డు (గ్యాస్ పనులకు నమోదైన ఇంజనీర్ల గుర్తింపు కార్డు) తప్పక అడిగి చూడండి, ఏ ఏ పనులకు అర్హత ఉందో దాని వెనక రాసి ఉంటుంది. మా ఇంటికి వచ్చినాయన నెమ్మదైన మనిషి. బయటి పైపు 21.5 మిల్లీమీటర్లదే ఉందని, తొడుగు లేదని, వాలు కూడా సరిపోదని కొలిచి చూపించారు. నాన్నగారి కాగితం అడిగి తీసుకుని, గోడకు ఆనించి చూసి, 32 మిల్లీమీటర్ల పైపు ఆ వాలులోనే బిగించి తొడుగు వేశారు. రిపోర్టులో లోపం బిగింపుదని, వాడకానిది కాదని రాశారు. ఆ తర్వాత మంచు కురిసినా బాయిలర్ ఆగలేదు.

ఏజెన్సీ నుంచి "పని పూర్తయింది" అన్న సందేశం తప్ప మరేమీ రాలేదు. కాల్‌అవుట్ ఛార్జీ ఊసెత్తలేదు. నాన్నగారికి లిఖితపూర్వకంగా క్షమాపణ చెప్పాలని నేను విడిగా ఫిర్యాదు ఇచ్చాను. ఇంగ్లండ్‌లో ప్రతి లెటింగ్ ఏజెన్సీ ఏదో ఒక రిడ్రెస్ స్కీమ్‌లో, అంటే ఏజెన్సీలపై ఫిర్యాదులు విని తేల్చే స్వతంత్ర వ్యవస్థలో, సభ్యత్వం తీసుకోవాలి. ఫిర్యాదు ఇచ్చిన ఎనిమిది వారాల్లో పరిష్కారం దొరక్కపోతే మనం అక్కడికి వెళ్ళవచ్చు. ఆ రిపోర్టు, నాన్నగారు గీసిన కాగితం నకలు జతచేసి, ఆ దరఖాస్తు కూడా సిద్ధంగా పెట్టుకున్నాను.