ఓట్లెప్పుడు పడ్డయి బిడ్డా?

2022 దీపావళి రోజు. ముల్కనూరు పక్కనున్న మా ఊళ్లో అమ్మ నోముల పని ముగించుకుని కాసేపు టీవీ ముందు కూర్చుంది. రిషి సునాక్ బ్రిటన్ ప్రధాని కాబోతున్నాడని ఏ ఛానెల్ పెట్టినా అదే వార్త. కొంచెంసేపు చూసి నన్ను అడిగింది: "మొన్ననే గదా ఒకామె ఎక్కింది. మళ్ల ఓట్లెప్పుడు పడ్డయి బిడ్డా?"

ఓట్లు పడలేదమ్మా అన్నాను.

"ఓట్లు పడకుండ ఎట్లొచ్చిండు?"

నేను హన్మకొండలో ఇంటర్ పిల్లలకు సివిక్స్ చెప్తాను. ఇరవై ఏళ్లుగా చెప్తున్న పాఠమే ఇది. అయినా అమ్మకు ఆర్టికల్ నంబర్లు చెప్తే ఏం లాభం? "మీ సంఘంల లీడర్‌ను మార్చిన్రు గదా, గట్లనే" అన్నాను. అమ్మకు వెంటనే అర్థమైంది. నన్ను మాత్రం ఆ పోలిక ఇప్పటిదాకా వదల్లేదు.

అమ్మవాళ్ల మహిళా సంఘంలో 12 మంది. మొదటి నుంచీ ఒకామెనే లీడర్, మాకు వరసకు అత్త. సంఘం నిలబడిందే ఆమె కష్టంతో. కానీ కొడుకు దగ్గరికి హైదరాబాద్ రాకపోకలు ఎక్కువయ్యాక నెల మీటింగులు తప్పిపోయేవి. లోన్ కిస్తీ ఎంత కట్టారో, ఎంత మిగిలిందో అడిగితే చెప్పేవాళ్లు లేరు. ఒక రాత్రి అన్నాలు తిన్నాక మా అరుగు మీద అందరూ కూర్చున్నారు. అత్త వచ్చేదాకా మాట మొదలుపెట్టొద్దని అమ్మ పట్టుబట్టింది. చేతులెత్తమంటే ఎనిమిది చేతులు లేచాయి. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "నేనేమన్న పైసలు తిన్ననా" అని ఏడ్చింది. తినలేదని అందరూ ఒప్పుకున్నారు. అయినా ఎత్తిన చెయ్యి ఎవరూ దించలేదు. తీర్మానం పుస్తకంలో రాసింది నేనే. కొత్త లీడర్‌గా అమ్మ పేరు రాస్తుంటే, పక్కనే కూర్చున్న అత్త ముఖంలోకి చూడలేకపోయాను. కింద తొమ్మిది సంతకాలు, మూడు వేలిముద్రలు. అత్త కూడా సంతకం పెట్టింది.

సంఘం రద్దు కాలేదు. పొదుపు ఆగలేదు. అప్పు అట్లాగే ఉంది. లీడర్ మారింది.

బ్యాంకులో మాత్రం ఇరవై రోజులు తిప్పారు. తీర్మానం జిరాక్స్ అన్నారు, ఫోటోలు అన్నారు, స్టాంపు సరిగా పడలేదన్నారు. పనులు మానుకుని పోయిన ఆడవాళ్లను గంటలు గంటలు నిలబెట్టడం తల్చుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఆ ఇరవై రోజులూ ఖాతాలో పాత లీడర్ సంతకమే చెల్లింది. అత్త మాటలు మానేసింది కానీ, కిస్తీ రోజు మాత్రం వచ్చి సంతకం పెట్టి పోయింది. ఆపద్ధర్మ ప్రభుత్వం అంటే ఏమిటని పిల్లలు అడిగితే ఇప్పుడు ఆ ఇరవై రోజుల సంగతే చెప్తాను.

మనం ఓటేసేది మన ఎమ్మెల్యేకు, మన ఎంపీకి. పోస్టర్ మీద ఎవరి ఫోటో ఎంత పెద్దగా ఉన్నా సరే. సభలో ఎక్కువమంది ఎవరి వెంట ఉంటే కుర్చీ వాళ్లది. కేంద్రంలో 75వ ఆర్టికల్, రాష్ట్రంలో 164వ ఆర్టికల్ చెప్పేది ఇదే: మంత్రిమండలి సభకు జవాబు చెప్పాలి. సభకు ఐదేళ్ల గడువుంది. కుర్చీలో ఉన్నవాళ్లకు మాత్రం సభ నమ్మినన్నాళ్లే.

బ్రిటన్‌లో జరిగిందీ అదే. 2019 డిసెంబర్‌లో ఒకసారి ఓట్లు పడ్డాయి. ఆ ఒక్క సభే బోరిస్ జాన్సన్‌ను, అమ్మ చెప్పిన 'ఒకామె' లిజ్ ట్రస్‌ను, సునాక్‌ను ముగ్గురినీ ప్రధానులుగా చూసింది. ట్రస్ ఉన్నది 49 రోజులు. ఇక్కడ నాకు ఒకటి నచ్చదు. జాన్సన్ తర్వాత ఎవరన్నప్పుడు ఎంపీల చివరి రౌండులో సునాక్‌కు 137, ట్రస్‌కు 113 ఓట్లు వచ్చాయి. తుది మాట మాత్రం పార్టీ సభ్యులది. వాళ్లు 81,326 ఓట్లతో ట్రస్‌ను గెలిపించారు, సునాక్‌కు 60,399. ఎంపీ రేపు తన ఊరికి పోయి జనానికి జవాబు చెప్పుకోవాలి. పార్టీ కార్డున్న మనిషిని అడిగేవాళ్లెవరు? సభలో తనను కోరుకున్నవాళ్లు తక్కువని తెలిసీ కుర్చీ ఎక్కిన మనిషి ఎన్నాళ్లు నిలబడుతుంది?

మనకూ ఇది కొత్త కాదు. మా ఊరికి దగ్గరే వంగర, పీవీ నరసింహారావు గారి ఊరు. ఆయన 1971 సెప్టెంబర్ 30న ముఖ్యమంత్రి అయ్యేనాటికి సభ 1967లో ఎన్నికైనదే. కాసు బ్రహ్మానందరెడ్డి గారు దిగిపోయారు, మంథని ఎమ్మెల్యే పీవీ గారు ఎక్కారు. 1991లో ప్రధాని అయినప్పుడు ఆయన ఎంపీ కూడా కాదు, ఆ తర్వాత నంద్యాల ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకు వెళ్లారు. 1978లో ఎన్నికైన మన శాసనసభ ఐదేళ్లలో నలుగురు ముఖ్యమంత్రులను చూసింది: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. పిల్లలకు ఈ పేర్లు బోర్డు మీద రాస్తే నోళ్లు తెరుచుకుని చూస్తారు.

అయితే నాకు బాధ కలిగించేది 1984. గుండె ఆపరేషన్ చేయించుకుని ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు గారు అమెరికా నుంచి వచ్చీ రాగానే, ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఆయన్ని తీసేసి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టారు. సభను పిలవండి, బలం చూపిస్తానని రామారావు గారు అడిగినా వినలేదు. ఎమ్మెల్యేలను కాపాడుకోవడానికి కర్ణాటకకు తీసుకుపోవాల్సి వచ్చింది. రాష్ట్రపతి ముందు తలలు లెక్కపెట్టించుకోవడానికి ఢిల్లీ దాకా వెళ్లాల్సి వచ్చింది. నెల రోజుల తర్వాత, సెప్టెంబర్ 16న మళ్లీ ఆయనే ముఖ్యమంత్రి. ఆ నెలంతా నాన్న పొలం నుంచి రాగానే కాళ్లు కూడా కడుక్కోకుండా రేడియో పెట్టేవాడట. ఆ డిసెంబర్‌లో దేశమంతా కాంగ్రెస్ గాలి వీస్తుంటే, హన్మకొండలో పీవీ గారంతటి మనిషి చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడిపోయారు. దేశం మొత్తంలో బీజేపీకి వచ్చిన రెండు సీట్లలో ఒకటి మాది. రామారావు గారికి జరిగిన అన్యాయానికి జనం చెప్పిన జవాబే అదని నాన్న చనిపోయేదాకా అనేవాడు.

బలం తేలాల్సింది సభలోనే, రాజ్‌భవన్‌లో కాదు అని సుప్రీంకోర్టు కర్ణాటక మాజీ ముఖ్యమంత్రి బొమ్మై కేసులో స్పష్టంగా చెప్పడానికి 1994 దాకా పట్టింది.

జర్మనీ పద్ధతి నాకు బాగా ఇష్టం. అక్కడ ఛాన్స్‌లర్‌ను ఊరికే దించడం కుదరదు. దించే తీర్మానంలోనే ఎక్కేవాళ్ల పేరు ఉండాలి. 1982 అక్టోబర్ 1న ష్మిట్‌ను దించి కోల్‌ను ఎక్కించింది ఒకే ఓటింగు. మన దగ్గర 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి గారు 269-270తో, ఒక్క ఓటుతో పడిపోయారు. పడగొట్టినవాళ్లు ఇంకొకర్ని నిలబెట్టలేకపోయారు. దేశం మళ్లీ ఓట్లకు పోయింది.

మన పార్టీల్లో ఇంకో అలవాటుంది, నాకు అస్సలు మింగుడుపడనిది. ఎమ్మెల్యేలందరూ సమావేశమవుతారు. నాయకుణ్ని ఎన్నుకునే అధికారం హైకమాండ్‌కు వదిలేస్తున్నామని ఏకవాక్య తీర్మానం చేస్తారు. ఢిల్లీ నుంచి సీల్డ్ కవర్ వస్తుంది. లక్షలమంది ఓట్లతో వచ్చిన చెయ్యి అది. ఎత్తాల్సిన ఒక్క సమయంలో ఎత్తకుండా అప్పగించేస్తే ఎట్లా?

పోయిన నెల అమ్మ ఫోన్ చేసింది. మోకాళ్లు నొప్పులంట, బ్యాంకు చుట్టూ తిరగలేదంట, ఇంకొకరిని పెట్టుకోమని సంఘంలో చెప్పిందంట. తీర్మానం రాసి తెమ్మంది. ఆదివారం తెల్ల కాగితం మీద చక్కగా రాసుకుని ఊరికి పోయాను. కొత్త లీడర్ ఎవరో నాకు తెలియదు కాబట్టి పేరు దగ్గర చుక్కలు పెట్టాను. ముందే సంతకాలు చేయించుకుంటే పేరు తర్వాత రాసుకోవచ్చు, మళ్లీ బ్యాంకులో టెన్షన్ ఉండదు అన్నాను.

అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చుక్కల దగ్గర వేలు ఆపింది. "పేరు లేకుండ సంతకాలెట్ల పెడ్తరు?" అని కాగితం మడిచి నా చేతికే ఇచ్చింది. "రాత్రికి అందరొస్తరు. మీ అత్త గూడ ఊర్లెనే ఉన్నది. చేతులు లేసినంక అక్కడ్నే కూసోని రాయి."