ఒకే నినాదం, రెండు చేతులు: ప్రచారం వెనుక మనుషులను వెతికిన నా అనుభవం

టీకాల మీద భయం పుట్టించే పోస్టులు వేర్వేరు ఖాతాల నుంచి వెల్లువెత్తుతున్నాయి. వదంతులను పరిశీలించే ఒక స్వచ్ఛంద బృందం వాటిని నాకు పంపి, రాసేది ఒక్కరో చాలామందో తేల్చమంది.

ముందు నినాదాలను పక్కన పెట్టాను. అవి అందరికీ ఒకేచోటి నుంచి అందుతాయి, వాటిని బట్టి చూస్తే అందరూ ఒక్కరే అనిపిస్తారు. మనిషి దొరికేది తను పట్టించుకోని చిన్న మాటల్లో. 1787-88లో అమెరికాలో కొత్త రాజ్యాంగాన్ని సమర్థిస్తూ మారుపేరుతో వచ్చిన ఫెడరలిస్ట్ వ్యాసాల్లో 12 నాయకులైన హామిల్టన్, మాడిసన్‌లలో ఎవరివన్న తగువును గణాంక నిపుణులు మోస్టెల్లర్, వాలెస్ 1964 నాటి పుస్తకంలో ఇలాగే పరిశీలించారు. ఒకే అర్థానికి హామిల్టన్ ‘వైల్’ అని రాసేచోట మాడిసన్ ‘వైల్స్ట్’ అనేవాడు. విషయంతో సంబంధం లేని అలాంటి మాటలే మాడిసన్ వైపు చూపాయి.

తెలుగులో ఈ లెక్క కష్టం. విభక్తులు మాటకే అతుక్కుపోతాయి, విడిగా ఏరలేం. అందుకే మూడేసి, నాలుగేసి అక్షరాల గుంపులను లెక్కపెట్టే ప్రోగ్రామ్ వాడాను. కళ్లతో చదవడం ఎలాగూ తప్పదు. కొన్ని ఖాతాల్లో ‘కాని’, ‘చెయ్యాలి’, ఆశ్చర్యార్థకానికి ముందు ఒక ఖాళీ. మరికొన్నిటిలో ‘కానీ’, ‘చేయాలి’, వాక్యం చివర రెండు చుక్కలు, ‘నీల్లు’, ‘వాల్లు’. నినాదం మాత్రం రెండిట్లోనూ పొల్లు పోకుండా ఒకటే!

చిన్న పోస్టు ఒక్కదాన్ని చూసి ఏమీ చెప్పలేం. ఒక్కో ఖాతా రాతలన్నీ కలిపితేనే అలవాటు తేలుతుంది. కాపీ కొట్టినవి ముందే ఏరెయ్యాలి. సమయం, టెన్షన్ అంతా అక్కడే. తర్వాత ఒక స్నేహితురాలితో, అదే విషయం మీద మాకు తెలిసినవాళ్లు రాసినవి పేర్లు తీసి కలిపించాను. వాటిని ఎవరివి వాళ్లకు సరిగ్గా విడదీశాకే నా పద్ధతిని నమ్మాను.

ఊరు, వయసు కూడా చెప్పమన్నారు. ‘నీల్లు’ పలుకుబడి వల్ల రావచ్చు, ఇంగ్లీషు అక్షరాలతో టైప్ చేస్తూ షిఫ్ట్ నొక్కకపోయినా రావచ్చు. కావాలని పెట్టిన తప్పూ కావచ్చు. వేషాలు ఉంటాయి మరి: 2016లో అమెరికా డెమొక్రటిక్ పార్టీ పత్రాలను బయటపెట్టిన ‘గుసిఫర్ 2.0’ అనే హ్యాకర్ తాను రొమేనియా వాడినని చెప్పుకుంటే, ఒక విలేఖరి ఆ భాషలోనే ప్రశ్నలడిగాడు. జవాబుల్లో ఆ భాష సొంతమైనవాళ్ల తీరు లేదు. ఆ పేరు వెనుక ఉన్నది రష్యా సైనిక నిఘా అధికారులని 2018లో అమెరికా అభియోగపత్రం ఆరోపించింది.

చివరికి బృందం ఒక అనుమానితుడి రాతలు ఇచ్చి పోల్చమంది. ఒప్పుకోలేదు. మనం ఇచ్చినవాళ్లలో దగ్గరివాణ్ని ప్రోగ్రామ్ ఎప్పుడూ చూపిస్తుంది, అసలు మనిషి ఆ జాబితాలో లేకపోయినా సరే. ఒక నిర్దోషి పేరు బయటికి పోతే దాన్ని ఎవరు వెనక్కి తెస్తారు? ‘స్క్రిప్టు ఒకటే, రాసేవాళ్లు కనీసం ఇద్దరు కావచ్చు, ఏ ఖాతా ఏ చేతిదో ఇంత నమ్మకంతో చెప్పగలం’ అని మాత్రం రాసిచ్చాను. ఆ ఖాతాల మీద ఫిర్యాదు చేయడానికి వాళ్లకు అది సరిపోయింది.