ఆదివారం పనికి రాము అన్న పల్లె

మతం మనిషికి ఎందుకన్న చర్చ మొదలైతే అది సాధారణంగా దేవుడు ఉన్నాడా లేడా అన్న దగ్గరో, మతం వల్ల మేలు ఎక్కువ జరిగిందా కీడు ఎక్కువ జరిగిందా అన్న దగ్గరో చిక్కుకుంటుంది. నన్ను చాలాకాలంగా వెంటాడుతున్న ప్రశ్న కాస్త వేరు. ఒక మతం తనను నమ్మిన వారి చేత ఏ పని చేయిస్తుంది, ఏ పనిని చేయనని చెప్పగలిగే తెగువ వారికి ఇస్తుంది? ఒంగోలు ప్రాంతపు రైతు కుటుంబంలో పుట్టిన వాణ్ణి కావడం వల్ల ఈ ప్రశ్నకు సంబంధించిన చరిత్ర మా పొలాల గట్ల మీదే జరిగిందని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ నదిలో నిలబడి ముంచి లేపారు. ఆ ఏడాది పూర్తయ్యేసరికి సంఖ్య తొమ్మిది వేలు దాటింది. వచ్చినవారిలో అత్యధికులు మాదిగలు. ఈ ఉద్యమానికి పెద్ద దిక్కుగా నిలిచిన జాన్ క్లౌ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. అంతకుముందు అమెరికాలో సర్వేయరుగా పనిచేసిన అనుభవం ఆయనకు ఉంది.

అప్పటికి రెండేళ్ళుగా ధాత కరువు మద్రాసు రాజధానిని పీల్చి పిప్పి చేసింది. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తుంటే, క్లౌ అందులో సుమారు మూడున్నర మైళ్ళ ముక్కను కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కాబట్టి కడుపు కోసం మతం మారారన్న మాట ఆనాడే పుట్టింది, ఈనాటికీ వినపడుతూనే ఉంది. అయితే కరువు సాయం నడిచినన్నాళ్ళూ క్లౌ బాప్తిస్మాలు ఇవ్వలేదు. గింజల కోసం వచ్చేవారెవరో, నమ్మకంతో వచ్చేవారెవరో తేల్చుకోవడం కష్టమని ఆయనే వాటిని ఆపి ఉంచాడు. సాయం ముగిసింది, ఇక ఇవ్వడానికేమీ లేదు అని చెప్పిన తరువాతే వెల్లంపల్లి దగ్గర ఆ జనం పోగయ్యారు. ఆకలికి ఇందులో పాత్ర లేదని నేననను. కరువులో తమను మనుషులుగా చూసినవారెవరో జనం మరచిపోరు. అంతమాత్రాన ఆకలి ఒక్కటే కారణమంటే మాత్రం ఒప్పుకోలేను. ఎందుకంటే కొత్త మతం వారిమీద పెట్టిన నియమాలు కడుపు నింపేవి కావు, ఉన్న కూటికి ఎసరు పెట్టేవి.

ఆ నియమాలు ప్రధానంగా మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. పైకి చూస్తే ఇవి ఏ మతంలోనైనా ఉండే ఆచార నియమాల్లాగే కనపడతాయి. ఆనాటి వ్యవసాయం నడిచిన తీరు తెలిసినవారికి మాత్రం వీటి బరువు వెంటనే అర్థమవుతుంది. మెట్ట ప్రాంతంలో బావుల నుంచి నీళ్ళు తోడింది కపిలలతో. ఎద్దులు ఏటవాలు దారిలో కిందికి నడుస్తుంటే పైకి లేచే ఆ పెద్ద తోలు సంచి కుట్టేదీ, చినిగితే అతుకు వేసేదీ మాదిగ. రైతు కాలికి చెప్పులు, కాడికి తోలు వార్లు ఆయనే ఇవ్వాలి. బదులుగా కల్లంలో ఇంత అని గింజలు కొలిచేవారు, ఊళ్ళో చచ్చిన పశువు ఆయనకే దక్కేది. అంటే ఆ మాంసం ఒక విధంగా జీతంలో భాగం. దాన్ని ముట్టనని అనడమంటే తరతరాల ఒప్పందంలో ఒక కొసను తెంపడమే. ఇక ఆదివారం సంగతి మరీ సూటిగా తగిలేది. జొన్న కోత ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో వారానికొక రోజు రాము అని పల్లె, అంటే ఊరి మాదిగవాడ, మొత్తం ఒక్క మాటగా చెబితే, ఆ మాట దేవుణ్ణి ఉద్దేశించి అన్నదైనా వినాల్సి వచ్చింది ఆసామి.

మూడో నియమం నాకు అన్నిటికంటే లోతైనదనిపిస్తుంది. ఊరి దేవతకు కొలుపులు చేసేటప్పుడు డప్పు కొట్టేది మాదిగలు. బలి ఇచ్చిన పశువు నెత్తురు కలిపిన అన్నాన్ని పొలిమేర చుట్టూ చల్లడాన్ని పొలి చల్లడం అంటారు. ఆ భారమూ చాలా ఊళ్ళలో వారిదే. పొలి సరిగ్గా పడకపోతే కలరా ఊళ్ళోకి వస్తుందని అందరికీ భయం. గుడి ముందు నిలబడే అర్హత లేదని చెప్పిన మనుషుల చేతుల్లోనే ఊరి రక్షణ పెట్టిన విచిత్రమైన ఏర్పాటు అది. వారు డప్పు దించేసి, మేము కొట్టం అన్న రోజున ఊరికి కలిగిన కోపంలో భక్తి ఎంతో, ఆధిపత్యానికి దెబ్బ తగిలిన బాధ ఎంతో విడదీసి చెప్పడం కష్టం. బావుల దగ్గరకు రానీయకపోవడం, గింజలు ఆపడం, కొట్టడం జరిగాయి. అయినా ఎక్కువమంది వెనక్కి తగ్గలేదు.

ఇక్కడ పేరయ్య గురించి చెప్పకపోతే కథ మొత్తం దొర చుట్టూ తిరుగుతుంది, అది న్యాయం కాదు. ఎర్రగుంట్ల పేరయ్య తాళ్ళకొండపాడుకు చెందిన మాదిగ, తోళ్ళ వ్యాపారి. క్రైస్తవుడు కాకముందే గురువుల దగ్గర రాజయోగం అభ్యసించాడు. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల్లో మాదిగ కక్కయ్య ఉన్నాడని చెప్పుకునే నేల ఇది. కులం అడ్డు పెట్టని గురువు కోసం వెతుకులాట ఇక్కడ పాదిరీల కంటే ముందు నుంచీ ఉంది. 1866లో బాప్తిస్మం తీసుకున్న పేరయ్య ఊరూరా నడిచి తన బంధువర్గానికి చెప్పుకొచ్చిన మాటలే పన్నెండేళ్ళ తరువాత వెల్లంపల్లికి జనాన్ని తెచ్చాయని నా అభిప్రాయం. మాదిగలు చేరడం మొదలయ్యాక మిషన్ బడికి వస్తున్న పై కులాల పిల్లలు మానేశారు. ఎవరిని ఉంచుకోవాలో అప్పుడు క్లౌ తేల్చుకోవలసి వచ్చింది, తేల్చుకున్నాడు. మిషన్ స్వభావాన్ని మిషనరీలు నిర్ణయించినదానికంటే పల్లె నిర్ణయించినదే ఎక్కువ.

మా నాయనమ్మకు ఈ చరిత్ర ఏదీ తెలియదు. మిరపకాయలు కోతకొచ్చాయంటే మాత్రం, "రేపు ఆదివారం, పల్లెలో ఎవరూ రార్రా, ఇయ్యాలే తెమిలేటట్టు చూడండి" అని శనివారం పొద్దున్నే మా నాన్నను తొందరపెట్టేది. ఆ గొంతులో విసుగు ఉండేది కానీ ఆశ్చర్యం ఉండేది కాదు. ఒకప్పుడు దెబ్బలు తిని నిలబెట్టుకున్న సెలవు ఆమె కాలానికి పంచాంగంలో ఒక భాగమైపోయింది. ఆమె మాత్రం ఏకాదశి నాడు ఉపవాసం ఉండి కూడా పొలం వెళ్ళేది. మతం ఆమెకు ఓర్పు నేర్పింది, పల్లెకు సెలవు ఇచ్చింది. ఎవరికి ఏది అవసరమో దాన్నే తీసుకున్నారనుకుంటాను.

ఇదంతా విమోచన గాథలా ముగిసి ఉంటే రాయడం తేలికయ్యేది. కులం బాప్తిస్మపు నీళ్ళలో కరగలేదు. ఒకే ఊళ్ళో మాలలకొక చర్చి, మాదిగలకొక చర్చి వెలిసిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి, పెళ్ళి సంబంధాలు ఇప్పటికీ చాలావరకు ఆ గీత దాటవు. 1985 జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద దాడి జరిగి ఆరుగురు హత్యకు గురయ్యారు. గొడవ మొదలైంది తాగునీటి చెరువు దగ్గర. ప్రాణాలు దక్కినవారు చీరాల వెళ్ళి ఒక చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. దళిత మహాసభ పుట్టింది ఆ శిబిరం చుట్టూ అల్లుకున్న ఉద్యమంలోంచే. చర్చి వారిని ఊళ్ళో కాపాడలేకపోయింది, ఊరి బయట నిలబడే చోటు మాత్రం ఇచ్చింది.

రాజ్యం దృష్టి వేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల గుర్తింపు హిందువులకే ఉండేది; 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవం స్వీకరించిన మాల మాదిగలు మన రెండు రాష్ట్రాల్లోనూ బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషనుతో మిగిలారు. అందువల్ల ఆదివారం ప్రార్థనకు వెళ్ళే కుటుంబాలు చాలా సర్టిఫికెట్టులో హిందువులుగానే కొనసాగుతున్నాయి. దీన్ని మోసమని తిట్టేవారిని తరచూ చూస్తుంటాను. నమ్మకం మారితే కులమూ మారిపోతుందని ఊహించుకున్న చట్టాన్ని వారు ఒక్క మాటా అనరు. ఈ విషయం తేల్చడానికి కేంద్రం 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసింది. ఆ కమిషన్ గ్రంథాలూ సిద్ధాంతాలూ తిరగేయడం కంటే ఊళ్ళకు వెళ్ళి, ఇవాళ చచ్చిన గొడ్డును తీయడానికి ఎవరికి కబురు పెడుతున్నారో, కబురు పెట్టేవారు వారి ప్రార్థన ఏదని ఎన్నడైనా అడిగారో వాకబు చేయడం మంచిదని నా ఉద్దేశం.