ఇంటిపేరు మార్చుకున్న పాపానికి

నిన్న మధ్యాహ్నం ఇటలీ పర్మిట్ కార్డు చేతికొచ్చింది. ఏడు నెలలు పట్టింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

ఇటలీలో ఉండాలంటే మనకి కావాల్సిన కాగితం పెర్మెస్సో ది సొజ్జోర్నో. రెన్యువల్‌కి పోస్టాఫీసులో కవరు ఊరికే ఇస్తారు, నింపి అక్కడే ఇచ్చేయాలి. స్టాంపు, పోస్టు, కార్డు అన్నీ కలిపి రెండేళ్ళ పర్మిట్‌కి నాకు 126 యూరోల 46 సెంట్లయింది. ఫారం నింపడానికి మాత్రం ఏజెంట్ల జోలికి పోకండి. పత్రొనాతో అని యూనియన్ల వాళ్ళు నడిపే ఆఫీసులుంటాయి, అక్కడికెళ్ళండి. నేను ఎవరో చెప్పారని ఒకతనికి 60 యూరోలు పోశాను. ఆయన చేసిన ఘనకార్యం నా పాత కోడూ కొత్త పేరూ ఒకే ఫారంలో రాయడం.

కోడంటే కోదిచె ఫిస్కాలే, మన పాన్ లాంటిది. 16 అక్షరాలూ అంకెలూ. మొదటి మూడూ ఇంటిపేరులోని హల్లులు, తర్వాత మూడూ పేరులోవి. ఆ తర్వాత పుట్టిన ఏడాది, నెల, తేదీ. ఆడవాళ్ళయితే తేదీకి 40 కలుపుతారు. ఇండియాలో పుట్టినవాళ్ళందరికీ చివర్లో జడ్ 222. చదువుకోడానికి వచ్చినప్పుడు నేను దాసరి. పెళ్ళయ్యాక హైదరాబాద్‌లో సరదాపడి పాస్‌పోర్టులో వేమూరి చేయించుకున్నాను. అత్తగారు మురిసిపోయారు.

పర్మిట్‌కి వేలిముద్రలిచ్చే రోజు పొద్దున ఆరింటికి పోలీసుల ఇమిగ్రేషన్ ఆఫీసు ముందు వానలో లైన్లో నిలబడ్డాను. కౌంటరు వెనక గోడ మీద శిలువ. దాంతో నాకు పేచీ లేదు. మన ఎమ్మార్వో ఆఫీసులో వెంకన్న ఫొటోకి దండ వేయరా? బడి గదుల్లో శిలువ ఉండొచ్చని 2011లో యూరప్ మానవ హక్కుల కోర్టు కూడా ఇటలీ వైపే తీర్పిచ్చింది. నా పేచీ దాని కింద కూర్చున్న మనిషితో.

ఇల్లు మా ఆయన పేరున ఉంది కాబట్టి ఆయన కాగితాలూ జత చేశాను. అవి తిరగేసి అడిగాడు:

"ఇతను నీ అన్నా?"

"కాదండీ, మా ఆయన."

"మరి ఇద్దరికీ ఒకటే ఇంటిపేరేంటి?"

"పెళ్ళయ్యాక మార్చుకున్నాను."

"పెళ్ళయితే మనిషి మారిపోతుందా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఇక్కడ ఆడవాళ్ళు చచ్చేదాకా కాగితాల్లో పుట్టింటి పేరుతోనే ఉంటారు. పెళ్ళయినా దానికి మొగుడి పేరు తోడవుతుందే తప్ప అది పోదని 1975 చట్టం. నిజం చెప్పొద్దూ, ఆ విషయంలో వాళ్ళదే న్యాయం. కానీ నన్నంతసేపూ 'తు' అన్నాడు, అంటే 'నువ్వు'. నేను 'లేయి' అంటూనే ఉన్నాను, అంటే 'మీరు'. మధ్యలో ఒక లాయరుగారు వస్తే అదే నోటితో "మీరు కూర్చోండి, అవ్వొకాతో" అన్నాడు. ఇటాలియన్ రాని రోజుల్లో ఈ తేడా తెలిసేది కాదు, హాయిగా ఉండేది. ఇంతా చేసి ఫైలు వెనక్కి తోశాడు. కోడూ పాస్‌పోర్టూ ఒకే మనిషివని కాగితం తెమ్మన్నాడు.

మిలాన్‌లోని మన ఇండియా కాన్సులేట్‌లో ఆ సర్టిఫికెట్ తీసుకున్నాను. దాంతో పన్నుల ఆఫీసులో కోడు మార్పించాను. మళ్ళీ అపాయింట్‌మెంట్, మళ్ళీ వేలిముద్రలు. ఈలోగా రెన్యువల్‌కి పోస్టాఫీసులో ఇచ్చిన రసీదుతో ఇండియా వెళ్ళి రావచ్చుగానీ ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా టికెట్ కొనకండి. రసీదు చూపించి వేరే షెంజెన్ దేశం (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల్లో ఇంకొకటి) దాటనివ్వరు. దోహా మీదుగానో దుబాయ్ మీదుగానో రండి.

పౌరసత్వం అడగాలంటే పదేళ్ళు ఇక్కడుండాలి. దాన్ని ఐదుకి తగ్గించాలని 2025 జూన్‌లో రెఫరెండం పెట్టారు. సగం మందికి పైగా ఓటేస్తేనే చెల్లుతుంది, వచ్చింది ముప్పై శాతం. మా ఆఫీసులో ఒకావిడ తప్ప అందరూ ఆ వారాంతం సముద్రానికి పోయారు. సోమవారం నాకు చెర్రీలు తెచ్చి పెట్టారు, చాలా మంచివాళ్ళు.

నిన్న కార్డిచ్చింది అతనే. "ఇక్కడ సంతకం పెట్టు" అన్నాడు. నా సంతకం చిన్నప్పటి నుంచీ తెలుగులోనే, ఉత్త పేరు. అదే పెట్టాను. దానికి మాత్రం ఏమీ అడగలేదు.